కాలువ కట్ట మీద, వీక్లీ ఆఫ్ నాడు

ఇరవై ఆరేండ్ల సంది బస్సు స్టీరింగు తిప్పుతున్నోన్ని.
ఇయ్యాల నా కింద రెండే చక్రాలు,
బిడ్డ స్కూటీ కొన్నంక మూలకు పడ్డ లేడీస్ సైకిలు.
వెనుక యాభై ఐదు సీట్లు లేవు.
హోల్డాన్ లేదు, రైట్ రైట్ లేదు.

హసన్‌పర్తి దాటి కట్ట ఎక్కంగనే
తారు తెగిపోయింది,
అటెన్క అంతా ఎర్ర మొరం.
టైరు కింద కరకర, ఎవరో అటుకులు నములుతున్నట్టు.
కుడికాలు ఇంకా బ్రేకు కోసం తడుముతనే ఉన్నది ఉత్తగాలిల.
బొటనవేలు హారన్ మీదికి పోయి
చిన్న గంట మూత దగ్గర సిగ్గుపడి ఆగింది.
ఎవలికి కొట్టాలె?
తొవ్వ నడుమ ఒక్క గొర్రెంక కూసున్నది,
నేనే దిగి, పక్కపొంటి నడిపించుకపోయిన.

కాలువల నీళ్ళు లేవు. వారబందీ.
వారం పారి వారం పంటదట.
మంచిదే, నీకూ నాకూ ఒక్కనాడే సెలవు దొరికింది.

కట్ట దిగితె ఒక ఊరు. పేరు రాసిన బోర్డు తుప్పుల కల్సింది.
సగం కూలిన బురుజు మీద పిచ్చుకుంట్ల చెట్టు,
దాని నీడల ఒక మేక, మేక నీడల దాని పిల్ల.
బుచ్చవ్వ వాకిట్ల మిరపకాయలు ఆరబోసింది
నల్లరాతి పలక మీద.
మిరపకాయల సందుల నుంచి
ఒక ఆడిమనిషి పాదం, గజ్జె, మళ్ళ ఒక పాదం.
ఎప్పటిదవ్వా ఈ రాయి అన్న.
మా అత్త ఏసింది బిడ్డా, అంతకుముందు గట్ల ఎవలు చూసిండ్రు, అన్నది.
రాజుల కాలం ఒక్క మాటతోని
అత్తల కాలానికి వచ్చి ఆగింది.
గజ్జె మీద ఒక మిరపకాయ, ఎర్రగ, తొడిమెతోని.

ఊరు దాటితె తాళ్ళు.
వందల తాళ్ళు. పోద్దాళ్ళు పారే రోజులు.
ప్రతి మెడకూ ఒక లొట్టి,
ప్రతి లొట్టి చుట్టూ ఈగల ముచ్చట.
గాలంతా పుల్లగ, తియ్యగ.

ఎదురుంగ మొగిలి వస్తున్నడు, సైకిలు మీదనే,
హాండిలుకు రెండు, వెనుక నాలుగు లొట్లు, భుజాన మోకు.
కట్ట ఇరుకు. ఎవలు దిగాలె?
లారీకి దిగలే నేను, మంత్రి కాన్వాయికి మొకం చిట్లించుకుంటనే దిగిన.
మొగిలికి మాత్రం ఎందుకో
నవ్వుకుంట దిగిన.
ఆయినె కూడా దిగిండు.
ఇద్దరం దిగినంక తొవ్వ ఖాళీగ నిలబడ్డది మా నడుమ.

లేడీస్ సైకిలానే, అని నవ్విండు.
జర రేక పట్టు, పొద్దటి కల్లు, అన్నడు.
రేపు నాలుగున్నరకు డ్యూటీ మొగిలన్నా,
డిపో గేటు కాడ మిషన్ల ఊదాలె.
పొద్దటిది తియ్యగుంటదే, ఏంగాదు.
మిషన్‌కు పొద్దు మాపు తెల్వదన్నా.

కొద్దిసేపు తాళ్ళ దిక్కు చూసిండు.
తాటి మీద ఒంటరిగ ఉండేటోడు, ఊరికె మాట పారేయడు.
లొట్టి మూతికున్న ఈతకంప తీసి
నా మొకానికి దగ్గర పట్టిండు.
తాగకు. చెవి పెట్టు.

ఇంజిను పక్కన కూసోని కూసోని
ఎడమ చెవి ఎప్పుడో పోయింది, ఇంట్ల ఎవలకూ చెప్పలే.
కుడిది పెట్టిన.

లోపల చిన్న చిన్నగ
చిటపట, మళ్ళ చిటపట,
వాన మొదలుబెట్టాల్నా వద్దా అన్నట్టు.
నురగ లేస్తున్నది. బుడగ బుడగకు ఒక మాట.
ఎంతసేపు నిలబడ్డనో.
మొగిలి తొందర పెట్టలే.
వెనుక నుంచి ఏ బండీ హారన్ కొట్టలే.

తెల్లారి డిపోల మిషన్ మూతికి పెట్టిండ్రు, ఊదిన.
సున్నా అన్నది.
సంతకం పెట్టి బస్సెక్కి
తాళం తిప్పేముందు ఒక్క నిమిషం
కిటికీ అద్దం ఎత్తి కూసున్న.